క్రొత్త వైద్యుని కరదీపిక

వైద్యవిద్య ముగించి పట్టము పుచ్చుకొన్న యువకునికడ రెండు విధముల పుస్తకములు ఉండును. ఒకటి గదిలోని బల్లమీద ఉండునది. రెండవది కోటుజేబులో ఇముడునది. మొదటిది చదివి అతడు పరీక్షలో నెగ్గినాడు. రెండవది ఆసుపత్రిలో అర్ధరాత్రివేళ అతడు ఒంటరిగా నిలిచినపుడు ఆదుకొనవలసినది. పెద్ద గ్రంథములకు చరిత్రకారులు కలరు, వ్యాఖ్యాతలు కలరు. జేబుపుస్తకమును ఎవరును సారస్వతమున లెక్కింపరు. క్రొత్త కూర్పు వెలువడినంతనే పాతది చిత్తుకాగితముల అంగడి చేరును. అయినను ఒక యుగము తన వైద్యుని ఎంతవరకు నమ్మినదో, తన రోగిని ఎంతవరకు ఎరిగినదో ఈ చిన్న పుస్తకము తెలిపినంత స్పష్టముగా పెద్ద గ్రంథము తెలుపదు. ఇట్టి పుస్తకమునకు మన భాషలో కరదీపిక అను పేరు కలదు. చేతిలోని దీపము ఊరంతయు వెలిగింపదు. ముందున్న నాలుగడుగులు చూపును. ఆ నాలుగడుగులు ఎవరి త్రోవలోనివి అనునదియే ఈ వ్యాసమున విచారింపదలచిన విషయము.

రాయపూరునకు తూర్పున, ఇరువది కిలోమీటర్లలోపు దూరమున మందిర్ హసౌద్ అను ఊరున్నది. సంబల్పూరువైపు పోవు జాతీయ రహదారి దీని మీదుగా సాగును. ఛత్తీస్‌గఢ్ క్రొత్త రాజధానియైన నవా రాయపూర్ దీని పొరుగుననే వెలసినది. తెలుగువారికి ఈ ఊరితో మరియొక సంబంధము కూడ కలదు. రాయపూరునుండి విజయనగరమునకు వచ్చు రైలుమార్గమున ఇది యొక స్టేషను. మధ్యపరగణాల ఖనిజసంపదను విశాఖపట్నపు రేవునకు చేర్చవలెనను తలంపుతో ఆ మార్గమును 1931లో పూర్తిచేసిరి; రెండేండ్లకు, 1933లో, రేవు తెరువబడినది. మార్గమునకు ఒక కొనయందు 1963లో ఆరంభమైన రాయపూర్ ప్రభుత్వ వైద్యకళాశాలయు, 2012లో విద్యార్థులను చేర్చుకొన్న అఖిల భారత వైద్యవిజ్ఞాన సంస్థయు ఉన్నవి. రెండవ కొనయందు 1923లో వెలసిన విశాఖపట్నపు ఆంధ్ర వైద్యకళాశాలయు, కింగ్ జార్జి ఆసుపత్రియు ఉన్నవి. ఖనిజము పోయిన దారినే రోగులును, వైద్యులును రాకపోకలు సాగించుచున్నారు.

ఇట్టి ఊరిలో కొలువునకు కుదిరిన యొక క్రొత్త వైద్యుని ఊహింతము. రహదారిపై లారీ గ్రుద్దినవాడు వచ్చును. వరిచేనిలో పాము కరచినవాడు వచ్చును. పురిటినొప్పులతో ఆడుకూతురు వచ్చును. వారముదినములుగా జ్వరము విడువని పసివాడు వచ్చును. పెద్దవైద్యుడు టెలిఫోనులో దొరకవచ్చును. కాని నాడి పట్టి చూచు చేయి ఇతనిదొక్కటియే. అప్పుడతడు జేబులోనుండి తీయు పుస్తకము ఏ దేశమున, ఏ ఆసుపత్రిని మనస్సున నుంచుకొని వ్రాసినదో అనునది పండితుల చర్చకు మాత్రమే చెందిన సంగతి కాదు.

మన ప్రాచీనులు ఈ అక్కరను గుర్తింపకపోలేదు. క్రీస్తుశకము ఏడెనిమిది శతాబ్దుల నాటివాడని పండితులు తలచు మాధవకరుడు రోగనిశ్చయమును గూర్చి యొక గ్రంథము రచించెను. మాధవనిదానమని లోకమున ప్రసిద్ధమైనది అదియే. చరక సుశ్రుతాది సంహితలలో చెదరియున్న నిదానలక్షణములను ఆయన ఒకచోట చేర్చెను. పెక్కు శాస్త్రములు సంపాదింపలేని, అంత మేధాశక్తియు లేని వైద్యులకొరకే తాను పూనుకొంటినని ఆరంభముననే దాచకుండ చెప్పెను. ఈ మాటలో తక్కువచూపు లేదు. ఎదుట రోగి యుండగా పది తాళపత్రగ్రంథములు తిరుగవేయుటకు తీరిక చాలని వానిపై దయయున్నది. పిమ్మట వచ్చిన శార్ఙ్గధరసంహితయు ఈ త్రోవనే నడచెను. మందుల కొలతలు, పాకవిధానము, నాడీపరీక్ష అను పనికివచ్చు విషయములను అది క్లుప్తముగా ఇముడ్చుకొన్నది.

తెలుగుదేశమున ఈ స్థానము బసవరాజీయమునకు దక్కినది. సంస్కృతశ్లోకముల నడుమ తెలుగుమాటలకు, తెలుగు పద్యములకు చోటిచ్చిన ఆ గ్రంథము రోగలక్షణమును, దాని వెంటనే ఔషధయోగమును చెప్పుచు పోవును. శాస్త్రభాష సంస్కృతమైనను రోగి పలుకు భాష తెలుగని గ్రంథకర్త ఎరుగును. వైద్యుడు ఏ భాషలో చదివినను, రోగి ఏ భాషలో మూలిగినను, ఆ రెంటిని కలుపవలసిన భారము చేతిపుస్తకముపైనే పడునని గ్రహించినవారిలో బసవరాజొకడు. తరతరముల పల్లెవైద్యులు ఆ గ్రంథమును ఇంట దాచుకొనుటకు ఇదియే కారణమని తోచును.

కుంపిణీవారి కాలమున ఈ ప్రశ్నయే మరియొక రూపమున తలయెత్తినది. 1822లో కలకత్తాయందు దేశీయ వైద్యవిద్యాలయమును స్థాపించి, సైన్యమునకు కావలసిన దేశీయ వైద్యులను హిందూస్తానీ భాషలో తీర్చిదిద్దుటకు పూనుకొనిరి. అచ్చట అధికారిగా నుండిన పీటర్ బ్రెటన్ శరీరాంగముల పేర్లను, వైద్యపదములను ఇంగ్లీషు, అరబ్బీ, పారసీ, హిందీ, సంస్కృతములలో ప్రక్కప్రక్కన పేర్చి 1825లో యొక పదకోశము కూర్చెను. పిమ్మట 1835లో ఆ విద్యాలయమును మూసి ఇంగ్లీషులో బోధించు వైద్యకళాశాలను నెలకొల్పిరి. హైదరాబాదున మాత్రము మరియొక పోకడ కనబడును. 1846లో డాక్టరు మాక్లీన్ అధ్యక్షతన ఆరంభమైన వైద్యపాఠశాల ఉర్దూలో పాఠములు చెప్పెను. తరువాతి కాలమున ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు తోడుగా 1917లో ఏర్పడిన అనువాదశాఖ శాస్త్రగ్రంథములను ఉర్దూలోనికి తెచ్చెను. 1948 పిమ్మట ఆ ప్రయత్నము నిలిచిపోయినది. అనువాదవృత్తిలో నున్నవారు ఈ రెండు కథలను మరువరాదు. భాష చాలకపోవుటచేత ఆ ప్రయత్నములు ఆగలేదు. ప్రభుత్వములు మారుటచేత ఆగినవి.

ఆ శతాబ్దముననే పాఠశాలల వివాదమునకు దూరముగా ఇద్దరు వైద్యులు వేరొక త్రోవ త్రొక్కిరి. తిరువాన్కూరున పనిచేసిన ఎడ్వర్డు జాన్ వేరింగ్ బజారుమందులను గూర్చి 1860లో యొక చిన్నపుస్తకము ప్రకటించెను. సీమనుండి రావలసిన మందు అయిపోయినచో, ఊరి పచారికొట్టులో దొరకు వాముతో, కరక్కాయతో, ఆముదముతో ఎంతవరకు నెట్టుకొని రావచ్చునో దానియందు చెప్పెను. లేనిదానిని గూర్చి విలపింపక ఉన్నదానిని ఎట్లు వాడవలెనో చెప్పుట ఆ పుస్తకముయొక్క గుణము. మద్రాసు వైద్యుడు మొహిదీన్ షరీఫ్ సాహేబు భారత ఔషధకోశమునకు 1869లో యొక అనుబంధము వెలువరించెను. ప్రతి ద్రవ్యమునకును తెలుగు మొదలుగాగల దేశభాషలలోని పేర్లను అందు పరిశీలించి నిర్ణయించెను. ఒకే పేరు రెండుచోట్ల రెండు మూలికలకు చెల్లుట మన దేశమున వింత కాదు. పుస్తకమున ఒక పేరు చూచి అంగడిలో వేరొక వస్తువు కొన్నచో, తప్పు చేసినది వైద్యుడా, అంగడివాడా? షరీఫ్ సాహేబు దృష్టిలో తప్పు పుస్తకముది. నామనిర్ణయము ఆయనకు కేవలము పాండిత్యప్రకర్ష కాదు; ప్రాణరక్షణము.

ఇరువదవ శతాబ్దపు కరదీపికలు చాలవరకు పడమటి ఆసుపత్రులలో పుట్టినవి. రాబర్టు హచిసన్, హారీ రెయినీ అను ఇద్దరు 1897లో రోగిని పరీక్షించు పద్ధతులపై యొక గ్రంథము వెలయించిరి. ఎట్లు చూడవలెను, ఎట్లు తట్టవలెను, ఎట్లు వినవలెను అని అది చేయిపట్టి నేర్పును. కూర్పుపై కూర్పుగా అది నేటికిని మన కళాశాలలలో చదువబడుచున్నది. అమెరికాలో సెయింట్ లూయీ నగరపు వాషింగ్టన్ విశ్వవిద్యాలయమువారి చికిత్సాదీపిక 1943లో మొదట అచ్చయినది. ఎడింబరోలో స్టాన్లీ డేవిడ్సన్ సంపాదకత్వమున 1952లో వెలువడిన వైద్యగ్రంథము చౌకధరల కూర్పుగా మన విద్యార్థులకు ఇంటింటి గ్రంథమైనది. 1985లో ఆక్స్‌ఫర్డువారు ప్రకటించిన జేబుపుస్తకము హోప్, లాంగ్‌మోర్ అను ఇద్దరు యువవైద్యుల రచన. వారిరువురును ఆసుపత్రి రాత్రులను ఎరిగినవారు. కావుననే క్రొత్తవాడు ఎచ్చట తడబడునో అచ్చటనే వారి వాక్యము ఆగి అతనికి చేయి అందించును.

ఈ పుస్తకముల మేలు మరచుట కృతఘ్నత. అయినను వీనియందొక మౌనప్రతిజ్ఞ దాగియున్నది. పరీక్షశాల ప్రక్క గదిలోనే యున్నదనియు, పెద్దవైద్యుడు పై అంతస్తున నున్నాడనియు, రోగి వైద్యుని భాషయే పలుకుననియు అవి తలచుకొని వ్రాసినవి. మందిర్ హసౌద్ వంటి చోట ఈ మూడింటిలో ఒకటియైనను నిజము కాకపోవచ్చును.

మన దేశమున వైద్యులెందరు, ఎట్టివారు అను లెక్క స్వాతంత్ర్యమునకు ముందే తేలినది. 1946లో సమర్పింపబడిన భోర్ సంఘపు నివేదిక ప్రకారము బ్రిటిష్ ఇండియాలో 47,524 మంది వైద్యులు నమోదై యుండిరి. వారిలో పట్టభద్రులు 17,654 మంది. తక్కిన 29,870 మంది మన పెద్దలు ఎల్.ఎం.పి. డాక్టర్లని పిలుచుకొన్న లైసెన్షియేట్లు. పల్లెలకును చిన్న పట్టణములకును దిక్కు వారే. ఇకమీదట ఒక్క పట్టముగల వైద్యుడే ఉండవలెనని సంఘములోని అధిక సంఖ్యాకులు నిర్ణయించిరి. కొందరు సభ్యులు అందుకు సమ్మతింపలేదు. లైసెన్షియేటు చదువు క్రమముగా మాసిపోయినది. చదువు ముగిసిన పిమ్మట ఒక సంవత్సరము ఆసుపత్రిలో పనినేర్చు హౌస్ సర్జన్ దశ స్థిరపడినది. మందుల మోతాదులు తెలుపు జాతీయ ఔషధసూచిక 1960లో మొదటిసారి వెలువడినది. హౌస్ సర్జనుకు పెద్దల నీడ కొంతయైనను ఉండును. ఆ సంవత్సరము ముగిసి పల్లెకు పోయిన దినముననే అతనికి నిజమైన ఒంటరితనము మొదలగును.

2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ రాష్ట్రము ఏర్పడినపుడు ఈ పాత చర్చ మరల బ్రతికినది. పల్లెలకు పోవు వైద్యులు లేరని తలచి, ఆ రాష్ట్రము 2001లో చట్టము చేసి మూడేండ్ల వైద్యవిద్యను ఆరంభించినది. తీవ్రమైన వ్యతిరేకత వచ్చినది. కొలది సంవత్సరములలోనే క్రొత్త ప్రవేశములు నిలిచినవి. చదువు ముగించినవారు గ్రామీణ వైద్యసహాయకులుగా ప్రాథమిక ఆరోగ్యకేంద్రములలో కుదిరిరి. రాష్ట్ర ఆరోగ్యశాఖ 2003లో తన వైద్యాధికారుల కొరకు ప్రామాణిక చికిత్సాసూచికలను కూడ ప్రకటించినది. మన విషయమునకు మిక్కిలి దగ్గరి కరదీపిక ఇదియే. సీమ ఆసుపత్రిని గాక ప్రాథమిక కేంద్రమును ఎదుట నుంచుకొని, అచ్చట దొరకవలసిన మందులను లెక్కించుకొని వ్రాయుట దాని ఉద్దేశము. వేరింగు బజారుమందుల పుస్తకమునకు ఇది మనుమరాలని చెప్పవచ్చును.

2010లో భారత ప్రజారోగ్య సంస్థ మొదలగువారు ఆ రాష్ట్రపు ప్రాథమిక కేంద్రములలో ఎవరి వైద్యము ఎట్లున్నదో పరిశీలించిరి. సాధారణముగా వచ్చు రోగములను గుర్తించి చికిత్స చేయుటలో మూడేండ్లు చదివిన సహాయకులు పూర్తి పట్టముగల వైద్యులకు ఇంచుమించు సమానముగా నిలిచిరని వారి నివేదిక తెలిపినది. దీనివలన పెద్దచదువు వ్యర్థమని అర్థము చేసికొనరాదు. రెండు వర్గములవారి సామర్థ్యమును ఉండవలసినదానికంటె తక్కువగానే ఉన్నట్లు ఆ పరిశీలనయే చూపుచున్నది. చదివిన యేండ్ల సంఖ్య ఒక్కటియే చాలదనియు, చేయవలసిన పనికి సరిపడు శిక్షణయు, చేతికందు సలహాయు కావలెననియు మాత్రము తెలిసికొనవలెను.

పాముకాటును దృష్టాంతముగా గొందము. సీమలో విషముగల దేశీయసర్పము ఒక్కటియే. అచ్చటి పుస్తకములో దానికి నాలుగు పంక్తులు చాలును. మనకు నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి అను నాలుగింటిని తలచుకొనియే విరుగుడుమందు తయారగుచున్నది. రక్తపుగడ్డ కట్టు శక్తి చెడినదా లేదా అని తెలిసికొనుటకు పెద్ద పరీక్షశాల అక్కరలేదు. శుభ్రమైన పొడి గాజునాళికలో 2 మిల్లీలీటర్ల రక్తము పోసి, 20 నిమిషములు కదపకుండ ఉంచి వంచి చూచిన చాలును. గడ్డకట్టనిచో విషము పనిచేయుచున్నదని గ్రహింపవలెను. పిల్లవానికి మందులన్నియు తగ్గించి ఇచ్చు అలవాటుగల క్రొత్త వైద్యుడు ఇచ్చటకూడ తగ్గింపబోవును. తగ్గింపరాదు, పాము పిల్లవానికని విషము తగ్గించి విడువదు గదా. నేలపై పండుకొన్నవానిని రాత్రివేళ కట్లపాము కరచినచో కాటుగుర్తు కూడ కానరాకపోవచ్చును; తెల్లవారుజామున కడుపునొప్పి యనియో, కనురెప్పలు వ్రాలుచున్నవనియో మాత్రమే చెప్పుదురు. ఈ నాలుగు మాటలు ఆ వేళకు అందినచో ఒక కుటుంబము నిలుచును.

ఇందులోనే మరియొక హెచ్చరిక కలదు. ఇరువదవ శతాబ్దారంభమున లియొనార్డ్ రోజర్స్ మొదలగు ప్రసిద్ధులు కాటును కోసి పొటాసియం పెర్మాంగనేటు స్ఫటికములు నింపవలెనని బోధించిరి. అందుకొరకు చిన్న కత్తియు, స్ఫటికములును గల డబ్బీలను దేశమంతట పంచిపెట్టిరి. ఆ చికిత్స నిష్ప్రయోజనమనియు, గాయమునకు హానికరమనియు పిమ్మట తేలినది. బిగించి కట్టు కట్టవలెనను పాత ఉపదేశమును నేటి సూచికలు నిషేధించుచున్నవి. కావున కరదీపికకు వయస్సు గౌరవము తేదు. పాత కావ్యమును పూజింపవచ్చును. పాత చికిత్సాసూచికను పూజించువాడు రోగికి శత్రువగును.

కొడవలికణ రక్తహీనత మరియొక దృష్టాంతము. ఛత్తీస్‌గఢ్ మైదానములలోను అడవిసీమలలోను ఇది విస్తారముగా ఉన్నది. 1910లో అమెరికాలో హెరిక్ దీనిని మొదట వర్ణించెను. మన దేశమున నీలగిరులలోని ఆదివాసులలో ఇది యున్నదని 1952లో వెల్లడియైనది. చాలకాలము పాఠ్యగ్రంథములు దీనిని ఆఫ్రికా సంతతివారి వ్యాధిగానే చెప్పుచు వచ్చినవి. ఆ చదువుతో వచ్చినవాడు, కీళ్ళు ఎముకలు నొచ్చుచున్నవని మాటిమాటికి వచ్చు బాలుని చూచి కీళ్ళవాతమని తలచి మందు వ్రాయును. పుస్తకము చెప్పినది అబద్ధము కాదు. కాని ఆ ఊరిది కాదు. దీనిని నిర్మూలింపదలచిన జాతీయ ఉద్యమము 2023 జులై 1న ఆరంభమైనది.

ఇక భాషసంగతి. హిందీ ప్రాంతమున రోగి తరచుగా పలుకు మాటలలో ఘబరాహట్ ఒకటి. నిఘంటువు దీనికి ఆందోళన, కంగారు అని అర్థములిచ్చును. కాని పలుకువాని మనస్సులో గుండెదడయు, ఊపిరాడకపోవుటయు, ఏదో ముంచుకొని వచ్చుచున్నదను భయమును కలిసియుండును. గుండెపోటు వచ్చినవాడు ఛాతీనొప్పి యనక ఈ ఒక్కమాటయే చెప్పవచ్చును. తెలుగుదేశమునుండి పోయిన వైద్యుడు దానిని కంగారని అనువదించుకొన్నచో, ధైర్యము చెప్పి ఇంటికి పంపును. అటులనే మన పల్లెటూరివాడు నీరసమనినను, కళ్ళు తిరుగుచున్నవనినను, హిందీవాడైన వైద్యునికి అందులోని బరువు తెలియదు. అనువాదకుడు ఒక పదమునకు తప్పు పదము వేసినచో పాఠకుడు విసుగుకొనును. వైద్యుడు వేసినచో రోగి బ్రతుకు పోవచ్చును. ఇక కలియు మాటలును లేకపోలేదు. జ్వరము మన పల్లెలో జరమైనట్లే ఛత్తీస్‌గఢీలో జర్ అయినది.

2022 అక్టోబరు 16న భోపాలులో శరీరనిర్మాణము, శరీరధర్మము, జీవరసాయనము అను మూడు విషయముల వైద్యపాఠ్యగ్రంథములు హిందీలో విడుదలయైనవి. సాంకేతికపదములను చాలవరకు ఇంగ్లీషువే ఉంచి నాగరిలిపిలో వ్రాసిరి. దీనిని మెచ్చువారును కలరు, పరిహసించువారును కలరు. కలకత్తా, హైదరాబాదుల కథలు తెలిసినవారికి ఈ వాదము క్రొత్తది కాదు. పాఠము ఏ భాషలో చెప్పవలెనను వివాదము తేలుటకు తరములు పట్టవచ్చును. రోగి నొప్పిని ఏ మాటతో చెప్పునో వైద్యునికి తెలుపుట మాత్రము అంతవరకు ఆగనక్కరలేదు. దానికి విశ్వవిద్యాలయమును మార్చవలసిన పనిలేదు. చేతిపుస్తకమున ఒక వరుస చేర్చిన చాలును.

డేవిడ్ వెర్నర్ మెక్సికో కొండపల్లెలలో పనిచేయుచు 1973లో స్పానిష్ భాషలో వ్రాసి, 1977లో ఇంగ్లీషున వెలువరించిన గ్రంథము ఈ పద్ధతినే చూపినది. హైదరాబాదు బుక్ ట్రస్టువారు దానిని వైద్యుడు లేని చోట అను పేర తెలుగున ప్రకటించిరి. అది వైద్యులకొరకు వ్రాసినది కాదు. అయినను క్రొత్త వైద్యుడు దానినుండి నేర్వదగినది యొకటి కలదు: ఏ గుర్తులు కనబడినచో తాను చేతులు దాచుకొని రోగిని పెద్ద ఆసుపత్రికి పంపవలెనో ఆ గ్రంథము సిగ్గుపడక చెప్పును. తెలియదని ఒప్పుకొనుటను పట్టభద్రునికి మన పరీక్షలు నేర్పలేదు.

మాధవకరుడు తన పాఠకుని ఎరుగును. బసవరాజు రోగి పలుకును ఎరుగును. వేరింగు ఊరి అంగడిని ఎరుగును. షరీఫ్ సాహేబు పేరు తప్పినచో కలుగు హానిని ఎరుగును. ఈ నాలుగు ఎరుకలును ఒక్కచోట కూడిన కరదీపిక మనకు కావలెను. అందు ఇప్పటి శాస్త్రము ఉండవలెను. ప్రాథమిక కేంద్రపు బీరువాలో నిజముగా ఉన్న మందులుండవలెను. రోగిని ఎప్పుడు, ఎచ్చటికి పంపవలెనో ఉండవలెను. ప్రతి లక్షణమునకు ఎదురుగా తెలుగు, హిందీ, ఛత్తీస్‌గఢీ, గోండీ మాటలు ఉండవలెను. రాయపూరునుండి విజయనగరము వరకుగల ఆ రైలుమార్గము వెంట ఈ భాషలన్నియు ఒకే పెట్టెలో ఎక్కి దిగుచున్నవి. వానిని ఒకే పుటపై చేర్చుట వైద్యునికొక్కనికి సాధ్యము కాదు. అనువాదకులును, భాషాపండితులును, పల్లెలో తిరుగు నర్సులును అందుకు తోడ్పడవలెను. మొదటి కూర్పులో తప్పులుండక మానవు. రెండవ కూర్పునకు వలసిన సవరణలను మందిర్ హసౌద్ వంటి ఊళ్ళలో పనిచేయు క్రొత్త వైద్యులే పంపగలరు.